రెండు ఇవి, రెండు అవి

అక్వేరియం కొన్న రోజు షాపులో నేను మాట్లాడింది ఇంతే: "రెండు ఇవి ఇవ్వండి, రెండు అవి." నేను గాజు మీద వేలు పెట్టి చూపించడం, అతను వలతో పట్టి కవర్లో వెయ్యడం. రెండు నియాన్ టెట్రాలు, రెండు మగ గప్పీలు, రెండు టైగర్ బార్బ్‌లు, రెండు ఏంజెల్ చేప పిల్లలు. చివర్లో "ఇది అద్దం శుభ్రం చేస్తుంది సార్" అంటే ఒక సక్కర్ ఫిష్. ఇవన్నీ కలుస్తాయా అని అడిగాను కూడా. "ఇక్కడ కలిసే ఉన్నాయి కదండీ" అన్నాడు. నిజమే, కలిసే ఉన్నాయి.

నా ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లెక్కకు 54 లీటర్లు. అడుగున పోసిన ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే సుమారు 43 లీటర్ల నీళ్లు. అందులో ఐదు రకాలు, తొమ్మిది చేపలు. చూడ్డానికి కన్నుల పండువగా ఉండేది, కొన్ని వారాలు.

ముందు ఒక నియాన్ లెక్క తగ్గింది. చచ్చి తేలితే కనిపించాలి కదా, కనిపించలేదు. ఇసుక కదిపి చూశాను, ఫిల్టర్ విప్పి చూశాను. కొన్నాళ్లకు రెండోదీ అంతే. మూడు నెలలు తిరిగేసరికి ఇంకో ముగ్గురు పోయారు. టైగర్ బార్బ్‌లలో ఒకటి రెండోదాన్ని తరిమి తరిమి చంపింది. తర్వాత దానికి తోచక గప్పీల తోకలు కొరకడం మొదలుపెట్టింది. చీలికలైన తోకలకు బూజు పట్టి రెండు గప్పీలూ పోయాయి. మిగిలింది నాలుగు: రెండు ఏంజెళ్లు, ఒక బార్బ్, ఒక సక్కర్. ఏంజెళ్ల పొట్ట కింద వేలాడే దారాల్లాంటి రెక్కలు కూడా అప్పటికి సగమే ఉన్నాయి.

చాలా రోజులు ఆ బార్బ్ మీద కోపంగా ఉండేవాణ్ణి. ఇప్పుడు లేదు. తప్పు దానిది కాదు, నేను షాపులో వాడిన ఆ "రెండేసి"ది. చిన్న ట్యాంకుకు చేపలు ఎంచుకోవడమంటే ఏ రకం పక్కన ఏ రకం పెట్టొచ్చో చూసుకోవడం అనుకుంటాం. నన్నడిగితే చిన్న ట్యాంకులో ఆ ప్రశ్న చివరాఖరున రావాలి. అంతకన్నా ముందు, పెట్టే ఒక్క రకమైనా తన నీళ్లలో, తనవాళ్ల మధ్య బతుకుతోందా అన్నది తేలాలి. రకాలు తగ్గించుకుని తలలు పెంచుకోవాలి. మనం చేసేది సరిగ్గా తలకిందులు.

షాపువాడు అబద్ధం చెప్పాడని నేననను. అక్కడున్నవన్నీ పిల్లలు. అప్పటి ఏంజెల్ నోట్లో నియాన్ పట్టదు. పైగా ఆ ట్యాంకు కిక్కిరిసి ఉంటుంది. ఇది నాది అనుకోవడానికి ఒక మూలంటూ దొరికితే కదా, దానికోసం పోట్లాడేది! రోజూ కొన్ని అమ్ముడుపోతాయి, కొత్తవి వస్తాయి. బస్టాండులో పక్కపక్కన నిలబడ్డవాళ్లు గొడవపడటం లేదు కాబట్టి అందర్నీ ఒకే గదిలో ఏడాది పాటు ఉంచొచ్చు అనుకుంటే ఎలా ఉంటుందో, షాపు ట్యాంకు చూసి ఇంటికి చేపలు తెచ్చుకోవడం అలా ఉంటుంది.

ఆ దెబ్బ తిన్నాక నాకు పొంతన పట్టిక దొరికింది. మీరూ చూసే ఉంటారు. అడ్డంగా కొన్ని రకాల పేర్లు, నిలువుగా మళ్లీ అవే పేర్లు. గడిలో పచ్చరంగు ఉంటే కలుస్తాయి, ఎరుపైతే కలవవు, పసుపైతే జాగ్రత్త. కొంతకాలం దాన్ని మంత్రంలా నమ్మాను. తర్వాత అర్థమైంది, ఆ గడి ఎన్ని లీటర్లలో అని అడగదు. ఎన్నెన్ని అని అడగదు. మగవా ఆడవా, ముందు ఎవరొచ్చి మూల పట్టుకున్నారు, గుడ్లు పెట్టే వయసొచ్చిందా, ఏదీ అడగదు. ఏంజెల్‌నీ నియాన్‌నీ తీసుకోండి. రెండూ అమెజాన్ నదీ ప్రాంతం చేపలే. రెంటికీ లవణాలు తక్కువగా ఉన్న మెత్తటి నీళ్లే కావాలి, కాస్త ఆమ్లగుణమూ రెంటికీ ఇష్టమే. వేడి దగ్గర కూడా పెద్ద తేడా రాదు. కాగితం మీద ఇంతకన్నా మంచి జోడీ ఉండదు. ఒక్కటే చిక్కు: పెరిగిన ఏంజెల్ నోటికి నియాన్ సరిగ్గా సరిపోతుంది. పెద్ద చేప చిన్న చేపను మింగుతుందనే సామెతను మనుషుల మీద వాడీ వాడీ, అది చేపల గురించి కూడా నిజమేనన్న సంగతి మర్చిపోయాను.

పెరిగాక ఎంత అన్న ప్రశ్న షాపులో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. ఏంజెల్ ఎత్తు రెక్కలతో కలిపి 20 సెంటీమీటర్లు దాటగలదు, నా ట్యాంకు ఎత్తే 30. నేను తెచ్చిన సక్కర్ ఆ రోజు వేలెడంత ఉంది. మామూలుగా ఆ పేరుతో అమ్మే ప్లెకో జాతులు 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతాయి. షార్క్ అని పేరు పెట్టి అమ్మే చిన్న చిన్న వెండి రంగు చేపలైతే మరీ ఘోరం. వాటిలో ఒకటి పెద్దయితే 35 సెంటీమీటర్లు. ఇంకొకటి మెకాంగ్ నదిలో మీటరు దాటి పెరిగే రకం! ట్యాంకు చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఆగిపోతుందని ఒక ధీమా మాట వింటుంటాం. ఆగిపోయేది ఆరోగ్యం చెడి. అదేదో సర్దుకుపోవడంలా చెప్పడం నాకు నచ్చదు.

గాలను నీటికి ఒక అంగుళం చేప అని పాత సూత్రం ఒకటుంది. గాలనంటే సుమారు 3.8 లీటర్లు. ఆ లెక్కన నా 43 లీటర్లకు 11 అంగుళాలు. అంటే అంగుళం చేపలు పదకొండు పెట్టినా, పదకొండంగుళాల చేప ఒకటి పెట్టినా ఒకటేనట. ఆ పెద్దదానికి నా ట్యాంకులో వెనక్కి తిరగడమే గండం. అసలు చేప పొడవు రెండింతలైతే వెడల్పూ మందమూ కూడా రెండింతలౌతాయి కాబట్టి ఒళ్లు ఎనిమిదింతలౌతుంది. అది తినే మేత, వదిలే మలినం ఆ ఒంటిని బట్టి ఉంటాయి, పొడవును బట్టి కాదు. ఐదు సెంటీమీటర్ల లోపు ఉండిపోయే సన్నటి చేపలకైతే ఆ సూత్రం ఏదో మేరకు పనికొస్తుంది. అది దాటితే వదిలెయ్యండి.

శుభ్రం చేసే చేప అనే మాట గురించి కూడా రెండు ముక్కలు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లనూ వాలిస్‌నేరియా అనే నీటి మొక్కనూ కలిపి పెంచి చూశాడు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు చెడటం మొదలైంది. అప్పుడు నత్తల్ని వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తిన్నాయి, నత్తల గుడ్లు చేపలకు మేతయ్యాయి, పాత్ర కుదుటపడింది. నాకు తెలిసి ఇంట్లో పెంచే చేపలకు తోడు ఎంచుకోవడంలో ఇంతకన్నా తెలివైన పని అరుదు. ఆయన రంగు చూడలేదు, అక్కడ మిగిలిపోతున్నదాన్ని తినేదెవరని చూశాడు. సక్కర్ ఆ పని చెయ్యదు. అది నాచు కాస్త గీకుతుంది కానీ మిగతా చేపల మలం తినదు, పైగా తన వంతు బండెడు వదులుతుంది. నా ట్యాంకులో ఇసుక మీద కనిపించే మురికిలో ముప్పాతిక దానిదే.

ఇక నీళ్లు. గప్పీలు, మోలీలు కఠిన జలం చేపలు. కఠిన జలమంటే మరగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు. నియాన్లు, చాలా రకాల టెట్రాలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇది ఇష్టాయిష్టాల సంగతి అనుకునేవాణ్ణి. కాదు, ఒంట్లో జరిగే పని. మంచినీటి చేప ఒంట్లో లవణాలు బయటి నీటిలోకన్నా ఎక్కువ. అందుకని నీరు మొప్పల గుండా, చర్మం గుండా లోపలికి చొరబడుతూనే ఉంటుంది. చేప ఆ నీటిని పల్చటి మూత్రంగా తోడి పోస్తూ, ఆ వరదలో పోయిన లవణాల్ని మొప్పలతో మళ్లీ లాక్కుంటూ ఉండాలి. రాత్రీ పగలూ ఆగని చాకిరీ. ఏ నీటికి పుట్టిన ఒళ్లు ఆ నీటిలో ఈ చాకిరీ సులువుగా చేసుకుంటుంది. పరాయి నీటిలో చేప వెంటనే చావదు, అదే మనల్ని మోసం చేస్తుంది. రంగు తగ్గుతుంది, చిన్న జబ్బుకే పడిపోతుంది, మనం జబ్బును తిట్టుకుంటాం.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే మాట ఒకటుంది, దాచను. ఇప్పుడు షాపుల్లోకి వచ్చే నియాన్లలో ఎక్కువ భాగం ఫారాల్లో తరతరాలుగా పెంచినవి, నదిలో పట్టినవి కావు. మధ్యరకం నీళ్లను అవి బాగానే తట్టుకుంటాయి. నియాన్లనూ గప్పీలనూ కలిపి ఏళ్ల తరబడి పెంచినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి కలిపితే చస్తాయని అనను. మధ్యరకం నీళ్లంటే ఇద్దరికీ చెరి సగం ఇబ్బంది అని మాత్రం అంటాను. లీటర్లు తక్కువున్న చోట, నీటి గుణం త్వరగా మారిపోయే చోట, ఆ సగం ఇబ్బంది మీద ఇంకేదైనా పడితే తట్టుకునే ఓపిక మిగలదు.

పొడులు కలిపి పీహెచ్ దించుదామనే, అంటే నీళ్లలో ఆమ్లగుణం పెంచుదామనే ఆలోచన మీకు వస్తే మానుకోండి. కఠిన జలంలో ఉండే కార్బొనేట్లు పీహెచ్‌ను మళ్లీ పైకి లాగేస్తాయి. మళ్లీ పొడి, మళ్లీ లాగడం. ఆ ఎగుడుదిగుడుకన్నా మొదటి నీళ్లే నయం. కుళాయి నీళ్లు ఏ రకమో ఒకసారి టెస్ట్ కిట్‌తో చూసుకుని, ఆ నీళ్లకు పుట్టిన చేపను తెచ్చుకోవడం అన్నిటికన్నా చవకైన పని. వేడి సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, పెద్దదౌతుంది, మలినం ఎక్కువ. ఉష్ణమండలం చేపలతో దాన్ని కలపకండి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి, తలల లెక్క. నియాన్, బార్బ్, రాస్‌బోరా, కోరీ అనే మీసాల చేప, ఇవన్నీ గుంపులో బతికే జాతులు. గుంపు వాటికి కాలక్షేపం కాదు, కాపలా. నది మధ్యలో ఒంటరి చేప శత్రువుకు గురి. వందలో ఒకటైతే ఏ ఒక్కదాని మీదా శత్రువు చూపు నిలవదు. అద్దాల పెట్టెలో శత్రువు లేడని మనకు తెలుసు, దాని ఒంటికి తెలియదు. రెండు నియాన్లు మొక్క వెనక ఎందుకు నక్కి ఉండేవో, మేత వేస్తే కూడా ఎందుకు చివర్లో వచ్చేవో నాకప్పుడు అర్థం కాలేదు. "పిరికి రకం" అని పేరు పెట్టి ఊరుకున్నాను.

టైగర్ బార్బ్ కథ ఇంకా స్పష్టం. వాటిలో పెద్దా చిన్నా తేల్చుకునే తరుముళ్లు ఎప్పుడూ ఉంటాయి. పదింటిలో ఆ తరుముడు పది మంది మీద చెదిరిపోతుంది. ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరికీ పూర్తిగా తీరిక దొరకదు. రెండే ఉంటే ఒకటి తరిమేది, ఇంకొకటి పరుగెత్తేది, రోజంతా. ఆ పరుగెత్తేది చచ్చాక తరిమేదానికి పనిలేదు, పక్క జాతుల తోకల మీద పడుతుంది. దాన్ని దుర్మార్గమైన చేప అంటాం. ఒక్క మనిషిని తెచ్చి పరాయి దేశంలో పడేసి, వీడు కలుపుగోలు మనిషి కాదు అన్నట్టుంటుంది. బార్బ్‌లకు ఎనిమిది పది తగ్గకుండా గుంపు కావాలి, అలా చురుగ్గా ఈదే గుంపుకు నా 60 సెంటీమీటర్లు చాలవు. అంటే అసలు నా ట్యాంకుకు అది పనికిరాని చేప, ఎవరితో కలిపినా, కలపకపోయినా. ఈ సంగతి ఏ గడి రంగూ నాకు చెప్పలేదు.

మిగిలిన నాలుగింటినీ పెద్ద ట్యాంకు ఉన్న ఒక మిత్రుడికి ఇచ్చేశాను. బార్బ్‌ను తన పన్నెండు బార్బ్‌ల గుంపులో వేశాడు. నెల తర్వాత చూడ్డానికి వెళ్తే అందులో మాది ఏదో పోల్చుకోలేకపోయాను.

నేను ఖాళీ ట్యాంకుతో ఆరు వారాలు కూర్చున్నాను. ఫిల్టర్ నడుస్తూ, కాస్త కాస్త అమ్మోనియా కలుపుతూ, చేపల్లేకుండా. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలావరకు నయం, వారం వారం పాతిక శాతం నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. కొత్త నీరు వచ్చి పాత నీరు కొట్టుకుపోయినా ఈ బ్యాక్టీరియాకు ఏం కాదు, అది నీళ్లలో కన్నా స్పాంజిని, రాళ్లను పట్టుకునే ఎక్కువ ఉంటుంది. ఆ స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద పెట్టి తెల్లగా తోమితే మాత్రం మొదటికొస్తుంది. ఆ పనీ నేను చేశాను.

తర్వాత ఒకటే రకం తెచ్చాను: హార్లెక్విన్ రాస్‌బోరా. ఆగ్నేయాసియా చేప. రాగి రంగు ఒళ్లు, తోక వైపు నల్లటి త్రికోణం, ఎంత పెరిగినా ఐదు సెంటీమీటర్లు దాటదు. ముందు ఐదు, బ్యాక్టీరియా ఆ బరువుకు సర్దుకున్నాక మూడు వారాలకు ఇంకో ఐదు. ఐదు ఉన్నప్పుడు అవి ఒక మూలకు అతుక్కుని ఉండేవి. పది కాగానే రెండో రోజుకల్లా ట్యాంకు మధ్యలోకి వచ్చేశాయి. నీళ్లు అవే, మేత అదే, లైటు అదే. మగవి ఒకదాని ముందొకటి రెక్కలు విప్పి రంగు బిగించి నిలబడటం అప్పుడే మొదటిసారి చూశాను. ఒకటి ఆకు కింద తలకిందులుగా తిరిగి పొట్ట ఆనించింది. గుడ్లు ఆకు అడుగున అంటించే అలవాటు ఈ జాతిది. రెండేసి చొప్పున ఐదు రకాలు పెట్టినప్పుడు ఇలాంటిది ఒక్కటీ జరగలేదు. అప్పుడు నేను చూసింది రంగులు, ఇప్పుడు చేపలు.

అందరికీ ఇది నచ్చదు. మా అక్క కొడుకు వచ్చి చూసి, "మామయ్యా, అన్నీ ఒకటే ఉన్నాయేంటి, బోర్ కొట్టదా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాసేపటికి "ఆ తోక వంకర ఉన్నది ఎప్పుడూ లావుదాని వెనకే పోతోంది" అన్నాడు. లావుది ఆడది. వాడికి నేనేమీ చెప్పలేదు. అలాగని నా వైపు తిరిగాడనీ కాదు, వెళ్లేటప్పుడు "ఒక నీలంరంగుది కూడా పెట్టు" అనే వెళ్లాడు.

ఆ నీలంరంగు కోరికకు నేనూ అతీతుణ్ణి కాదు కాబట్టి, రెండో రకం ఎలా వెతకాలో ఆలోచించాను. ట్యాంకును అడుగు, నడుమ, పై అని మూడు అంతస్తులుగా చూడండి. మొదటి రకం నడుమ ఉంటే రెండోదాన్ని అడుగున వెతకాలి. నేను ఆరు పిగ్మీ కోరీలు పెట్టాను, ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపు. మీసాలతో ఇసుక తడుముకుంటూ తిరుగుతాయి కాబట్టి పదునైన రాళ్లు పనికిరావు, మీసాలు అరిగిపోతాయి. అప్పుడప్పుడూ రయ్యిమని పైకొచ్చి గాలి మింగి వెళ్తాయి. మొదటిసారి చూసి ఆక్సిజన్ అయిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను, కోరీలు పేగుల్లోంచి కూడా గాలి పీల్చుకోగలవట.

కఠిన జలం ఉన్నవాళ్లకు ఇదంతా తిరగరాసుకోవాలి. మీకు గప్పీలే దారి, అదేం తక్కువ దారి కాదు. మగవి మాత్రమే ఎనిమిదో తొమ్మిదో పెట్టండి. జంట అడిగారో, నెలకోసారి ఇరవై ముప్పై పిల్లలు. మగవాటిని తీసేసినా లాభం లేదు, ఆడది వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి కంటూనే ఉంటుంది. ఫైటర్ అనే పొడుగు రెక్కల చేప కావాలంటే దానికొక్కదానికే ట్యాంకు ఇవ్వండి, మహా అయితే నాలుగు నత్తలు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవనేది రెండు మగ ఫైటర్ల విషయంలో అక్షరాలా నిజం. పొడుగు తోకల గప్పీని కూడా అది ఇంకో ఫైటర్ అనుకుని మీద పడొచ్చు. అన్ని ఫైటర్లూ అలా చెయ్యవు, కొన్ని సాధువులు ఉంటాయి. ఏది ఏదో తెలిసేది తోక పోయాకే.

నా ట్యాంకు పై అంతస్తు ఇంకా ఖాళీ. హనీ గౌరామీ ఒక్కటి పెట్టొచ్చు. ఐదు సెంటీమీటర్ల చేప, నెమ్మదైన రకం, నీళ్లు సరిపోతాయి, రాస్‌బోరాలను మింగే నోరు కాదు. నైట్రేట్ చూశాను, వారానికి ఒకసారి నీళ్లు మారిస్తే ఇంకో చేపకు చోటుంది. ఒకటి చాలా, రెండు కావాలా అన్న దగ్గర ఆగిపోయాను. రెండూ మగవైతే ఆ మూడు జానెల పైభాగం కోసం కొట్టుకుంటాయి, పిల్లలుగా ఉన్నప్పుడు మగా ఆడా తేల్చడం కష్టం. కొత్తది దేన్నైనా వేరే డబ్బాలో మూడు వారాలు ఉంచి తెల్లమచ్చల జబ్బు లేదని చూసుకున్నాకే కలపాలి కాబట్టి ఆ డబ్బా కూడా కడిగి పెట్టుకున్నాను. రెండు నెలలైంది. డబ్బాలో ఒక స్పాంజి ఫిల్టర్ బుడగలు వదులుతూ ఖాళీగా తిరుగుతోంది.